దేవుని బియ్యం

పెళ్లై జహీరాబాద్ వచ్చిన మూడో రోజే బియ్యం దగ్గర మా అత్తమ్మతో నాకు మాటా మాటా వచ్చింది. ముగ్గురికి సరిపడా కొలిచి గిన్నెలో పోశాను. కడగబోతుంటే ఆమె వచ్చి, అందులోంచి ఒక పిడికెడు తీసి, గూట్లో ఉన్న పాత మాల్ట్ డబ్బాలో వేసి మూత పెట్టింది. నాకసలే ముక్కు మీద కోపం. కొత్త కోడలినని కూడా చూసుకోకుండా, "ఎక్కువ పోసిననా అత్తమ్మా? చెప్తే నేనే తక్కువ పోస్తుంటి గదా" అన్నాను.

ఆమె నవ్వింది. "అది నీది కాదు బిడ్డా, దేవునిది. పొయ్యి మీద పెట్టకముందే ఆయన వంతు తీస్తం" అంది.

మా పుట్టింటి వాళ్లూ చర్చికి వెళ్లేవాళ్లే కానీ మాకు ఈ పద్ధతి లేదు. ఇక్కడ ఆడవాళ్లు వండిన ప్రతిసారీ పిడికెడు తీసి పెట్టి, ఆదివారం గుడ్డ సంచిలో తెచ్చి చర్చిలో గంపలో పోస్తారు. కొందరివి సన్నబియ్యం, కొందరివి రేషన్ బియ్యం, మొగుడంపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లవి జొన్నలు. ప్రార్థన కూటం అయ్యాక అవి పొయ్యి వెలగని ఇళ్లకు పోతాయి. మంచి పనే. కాదని ఎవరంటారు? కానీ మా అత్తమ్మ పిడికిలి పెద్దది. నాట్లూ కలుపులూ తెలిసిన చెయ్యి. ఆ చెయ్యి గిన్నెలోకి దిగితే నాకు ప్రాణం ఉసూరుమనేది.

అందుకే మా కూతురికి మూడేళ్లు రాగానే ఆ పని దానికి అప్పజెప్పాను. పిల్లకు చిన్నప్పటి నుంచే భక్తి అలవాటు కావాలని అందరికీ చెప్పాను. అసలు సంగతేమిటంటే దాని పిడికిలి చిన్నది. మా అత్తమ్మకు అది అర్థం కాకుండా ఉంటుందా? "దేవునికాడ గూడ పిసినారి ఏషాలేనా?" అని నన్ను ఎకసెక్కాలాడేది. కూతురు మాత్రం స్టూలెక్కి, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, పిడికిలి నిండా పట్టి డబ్బాలో వేసేది. సగం గింజలు కింద రాలేవి. అవి ఏరుతూ నేను తిట్టుకునేదాన్ని.

దానికి ఆరేళ్లు నిండి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు జ్వరం పట్టుకుంది. మందు వేస్తే తగ్గడం, రెండు రోజులకు మళ్లీ రావడం. కాళ్లు గుంజుతున్నాయని ఏడ్చేది. తొడల మీద, వీపు మీద నీలం మచ్చలు కనిపించాయి. బడిలో కొట్లాడి పడిందేమో, చెప్పడం లేదని ఒళ్లు మండి ఒకటి చరిచాను కూడా. ఆ దెబ్బ ఇప్పటికీ నా అరచేతిలోనే ఉంది. ఊళ్లో డాక్టరు రక్తం పరీక్ష కాగితం చూసి, కూర్చోమని కూడా అనకుండా, "ఇయ్యాలనే పట్నం తీస్కపోండ్రి" అన్నాడు.

పట్నం అంటే మాకు హైదరాబాదే. అక్కడ పెద్ద దవాఖానలో నాలుగు రోజులు పరీక్షలు చేసి రక్త క్యాన్సర్ అన్నారు. మా ఆయన ఫ్యాక్టరీలో ఏ మిషను చెడిపోయినా విప్పి చూసే మనిషి. ఆ రోజు డాక్టరమ్మను, "ఏడ ఖరాబయిందమ్మా?" అని అడిగాడు. ఆమె చిన్న వయసుదే అయినా ఓపికగా చెప్పింది. పిల్లల్లో ఇది నయమయ్యే జబ్బేనట. కానీ ఇంచుమించు మూడేళ్లు పడుతుందట. మొదటి నెలలు కష్టమట, మధ్యలో ఆపొద్దట. నాకు 'నయమయ్యే' అన్న మాట వినపడింది. నయమవుతుందని ఆమె అనలేదన్నది కూడా వినపడింది.

దవాఖాన వెనక దూరపు ఊళ్ల పిల్లల కోసం ఒక సత్రం ఉండేది. వరుసగా గదులు, చివర అందరికీ కలిపి ఒక వంటగది. పిల్లకు బయటి తిండి పెట్టొద్దు, ఎప్పటికప్పుడు వండి వేడిగా పెట్టాలి అన్నారు కాబట్టి, మా ఆయన ఇంటికి పోయి గిన్నెలూ బియ్యమూ తెచ్చాడు. మూట విప్పితే అందులో ఆ మాల్ట్ డబ్బా. ఫోన్ చేసి అత్తమ్మ మీద అరిచాను. "దవాఖానకు గూడనా? ఇక్కడ నా ప్రాణాలు పోతున్నయి!"

"పొయ్యి యాడుంటే డబ్బ ఆడనే బిడ్డా" అంది ఆమె అవతలి నుంచి. తర్వాత ముక్కు ఎగబీల్చడం వినపడింది. ఏడుస్తోందని తెలిసి నేనే ఫోన్ పెట్టేశాను.

ఆ వంటగదిలోనే రాయికోడ్ ఆమె పరిచయమైంది. రాయికోడ్ పక్కన పల్లె వాళ్లది. రెండెకరాల్లో పత్తి, కంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. తెల్లారేసరికి జొన్నరొట్టె తడుతూ ఉండేది. ఆ తపతప చప్పుడుతోనే సత్రమంతా లేచేది. ఆమె కూతురికి తొమ్మిదేళ్లు, అదే జబ్బు. మాకంటే నెల ముందు వచ్చిన వాళ్లు కాబట్టి ఆ పిల్ల సత్రానికంతా పెద్దమనిషి. నున్నటి గుండు మీద ఎర్ర రుమాలు కట్టుకుని, కొత్తగా వచ్చిన వాళ్లకు ఏ ఆయా మంచిది, ఏ నర్సు సూది మెల్లగా పొడుస్తుంది, అన్నీ చెప్పేది. మా దాన్ని మొదటి రోజే పక్కన కూర్చోబెట్టుకుని, "నీ ఎంటికలు గూడ పోతయి. ఫికర్ జెయ్యకు, దురద ఉండదు" అంది. నేను కసురుకోబోయాను కానీ మా పిల్ల నవ్వింది. జబ్బు చేశాక అది నవ్వడం అదే మొదటిసారి.

ఒకరోజు నేను అన్నానికి బియ్యం కొలిస్తే మా పిల్ల, ఇద్దరిలో చిన్నది, పిడికెడు తీసి డబ్బాలో వేసింది. రాయికోడ్ పిల్ల చూసి, "ఏం జేస్తున్నవే?" అంది. చిన్నది చెప్పింది. "నీ పిడికిలి గింతనే. నాది జూడు" అని ఆ పిల్ల కూడా చెయ్యి పెట్టి తీసి వేసింది. నేను బెంబేలెత్తిపోయాను. నా బియ్యం పోయినందుకు కాదు, ఒట్టు. మా చర్చికి ఇచ్చే దాంట్లో వేరే వాళ్ల వంతు కలిస్తే ఎవరేమంటారో అని.

రాయికోడ్ ఆమె రొట్టె పెనం మీద వేస్తూ, "కోప్పడకు చెల్లె. నా బిడ్డ వంతు బియ్యం నేనిస్త. మేం ఝరాసంగం సంగమేశ్వరునికి మొక్కుకున్నం. గాయన గూడ మీ దేవుని తోని కల్సి తింటడు తియ్యి" అంది.

సాయంత్రం అత్తమ్మకు ఫోన్లో భయం భయంగా చెప్పాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బియ్యానికేం దెలుస్తది ఎవలయో. ఎయ్యనియ్యి" అంది. ఇక ఆ రోజు నుంచి రెండు పొయ్యిలకూ ఒకటే డబ్బా. ఇద్దరు పిల్లలూ పోటీలు పడి వేసేవారు. నిండితే మా ఆయన సెలవు రోజు వచ్చినప్పుడు సంచిలోకి వంచుకుని పోయేవాడు. అత్తమ్మ ఆదివారం గంపలో పోసేది. మా వాళ్లు ఎవరూ గింజలు విడదీసి చూడలేదు.

ఆ రోజులు పగవాళ్లకు కూడా రాకూడదు. అయినా చెబితే నమ్మరు, ఆ వంటగది నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. మా చిన్నదానికి మందుల వల్ల విపరీతమైన ఆకలి. బుగ్గలు బూరెల్లా ఉబ్బి, ఎప్పుడు చూసినా ఆలుగడ్డ కూర కావాలనేది. రాయికోడ్ పిల్లకు మాత్రం అన్నం వాసనే పడేది కాదు. ఒకరి పళ్లెంలోది ఒకరికి జరుపుకుని మమ్మల్ని మోసం చేసేవాళ్లు. వాళ్ల గొడవ చూసి మేమిద్దరం పొయ్యిల ముందు నవ్వేవాళ్లం. నవ్వుతూ నవ్వుతూనే ఆమె ఏడ్చేది. అప్పుడు నేను తిట్టేదాన్ని. నేను ఏడిస్తే ఆమె తిట్టేది. వంతులవారీగా నడిచింది మా కాపురం.

సూది గుచ్చే ముందు నర్సు "పిడికిలి బిగించు" అంటుంది. మా చిన్నది ఆ మాట వినగానే కేకలు పెట్టి చెయ్యి లాగేసుకునేది. నలుగురు పట్టుకోవాల్సి వచ్చేది. ఒకరోజు రాయికోడ్ పిల్ల మంచం దగ్గరికి వచ్చి, "ఓసి పిచ్చిదానా, దేవుని బియ్యం పట్టినట్టు పట్టు. గింజలు రాలనియ్యకు. గప్పుడు నొప్పి తెల్వది" అంది. మా పిల్ల కళ్లు మూసుకుని పిడికిలి పట్టింది. సూది దిగింది. గింజలు రాలాయేమోనని చూసుకుంది కానీ ఏడవలేదు. నర్సు ఆశ్చర్యపోయి నా వైపు చూసింది. నేను రాయికోడ్ పిల్ల వైపు చూశాను.

నాలుగో నెలలో మా చిన్నదాని వేళ్లు పట్టు తప్పాయి. మందు వల్లే, తర్వాత తగ్గుతుందన్నారు. చెంచా పట్టుకున్నా జారిపోయేది. బియ్యంలో చెయ్యి పెడితే పది గింజలు కూడా నిలిచేవి కావు. అది చూసి నేను అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను. తిరిగి చూసేసరికి రాయికోడ్ పిల్ల దాని చేతిని తన చేత్తో చుట్టి మూసి, రెండు చేతులూ కలిపి డబ్బా దాకా తీసుకుపోతోంది. అలా ఒక నెల రోజులు మా పిల్ల పిడికిలి ఆ పిల్లే పట్టింది.

ఆరో నెల దాటాక మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు. ఇక మాత్రలు, నెల నెలా పరీక్షలు. అదే వారం రాయికోడ్ పిల్లకు జబ్బు మళ్లీ తిరగబెట్టిందని చెప్పారు. మూట కట్టుకుంటుంటే నాకు సిగ్గుగా ఉంది, దొంగతనం చేసి పారిపోతున్నట్టు. డబ్బా వాళ్ల దగ్గరే ఉంచాను. సగం ఉంది అందులో. "నిండినంక తీస్కపోత అక్కా" అన్నాను.

తర్వాతి నెల పరీక్షకు పోయి ముందు సత్రంలోకే పరిగెత్తాను. వంటగదిలో ఎవరో కొత్తామె పప్పు పెట్టుకుంటోంది. నన్ను గుర్తుపట్టిన ఆయా లోపలికి పోయి డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "రాయికోడ్ ఆమె మీకియ్యమన్నది. పోయిన వారం పోయిండ్రు" అంది. ఊరికి పోయారా అని అడగబోయి ఆయా మొహం చూసి ఆగిపోయాను. పిల్ల లేదు. మూత తీసి చూశాను. డబ్బా అంచుదాకా నిండి ఉంది. దవాఖాన మంచం మీద నుంచే ఆ పిల్ల ఎట్లా నింపిందో, ఎవరిని సతాయించిందో.

జహీరాబాద్ బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సంగారెడ్డి దాటేదాకా మా చిన్నది నిద్రపోయింది. లేచి, "అక్క ఇచ్చిందా?" అంది. "ఆఁ" అన్నాను. "అక్క మంచిగున్నదా?" అంది. "ఉన్నది" అన్నాను. కన్నకూతురితో అంత పచ్చి అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు.

డబ్బా సజ్జ మీద వెనకాల పెట్టేశాను. చర్చిలో పోయలేను. వండుకోలేను. పారేయలేను. శనివారం సాయంత్రం అత్తమ్మ సంచి పట్టుకుని వచ్చి, "దేవుని బియ్యం ఏవి?" అంది. ఇక నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. "ఇద్దరు పిల్లలు ఒక్క డబ్బల ఏసిన్రు. ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని తీస్కపోయినోనికి ఇంక బియ్యం గూడ కావాల్నా? నేను పెట్ట. నా పొయ్యి మీది నుంచి ఒక్క గింజ గూడ పోదు" అన్నాను. అత్తమ్మకు ఆ పిల్ల పోయిన సంగతి అప్పుడే తెలిసింది. గోడకు ఆనుకుని కూలబడింది. కాసేపటికి లేచి, ఒక గిన్నె తెచ్చుకుని, ఆ పూట బియ్యంలోంచి తన చేత్తో పిడికెడు తీసి పక్కన పెట్టుకుంది. "నువ్వు అలుగు బిడ్డా. నీకు హక్కున్నది. నేను గూడ అలిగితే ఆ తల్లి కోసం ఎవలు ప్రార్థన జేస్తరు?" అంది.

ఆ తర్వాత రెండేళ్లు మా ఇంట్లో పిడికిలి అత్తమ్మదే. నేను చర్చికి పోయేదాన్ని, కూర్చునేదాన్ని, పెదవులు మాత్రం కదిలించేదాన్ని. పరీక్ష కాగితాలు వచ్చిన రోజు మాత్రం నాకు తెలియకుండానే చేతులు జోడించేదాన్ని. వెంటనే కోపం వచ్చేది, నా మీదో ఆయన మీదో. మా చిన్నదానికి జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి వంకీలు తిరిగి. వేళ్లు పట్టు వచ్చాయి. బడికి పోయింది. డబ్బా గురించి మళ్లీ అడగలేదు.

మూడేళ్లు నిండుతుండగా డాక్టరమ్మ మాత్రలు ఆపేసి, ఇక అప్పుడప్పుడు చూపించుకుపోతే చాలు అంది. మా ఆయన అక్కడే ఆమె కాళ్లకు దండం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగింది. ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టాలన్నారు. మాలో అది రివాజు. ఆపద గట్టెక్కితే నలుగురినీ పిలిచి, ప్రార్థన చేసి, అన్నం పెట్టి, ఇంటివాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు నా మొర విన్నాడని చెప్పాలి. నేను చెప్పనన్నాను. నా మొర విన్నాడని అంటే రాయికోడ్ ఆమె మొర వినలేదనే గదా అర్థం. ఆ మాట నా నోటితో ఎట్లా అనను? మా ఆయన బతిమాలాడు. అత్తమ్మ మాత్రం మరునాడు పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి ఎటో పోయి మధ్యాహ్నానికి వచ్చింది. అడిగితే చెప్పలేదు.

కూటం రోజు గల్లీలో షామియానా వేశారు, వండటానికి పెద్ద పెద్ద డేగిషాలు తెచ్చారు. నేను ఉల్లిగడ్డలు తరుగుతుంటే గేటు దగ్గర ఆటో ఆగింది. రాయికోడ్ ఆమె దిగింది. ఒక్కతే. చిక్కిపోయింది, తల సగం నెరిసింది. నేను కత్తి అక్కడే వదిలేశాను. వంటింట్లోకి పోయి అత్తమ్మను పట్టుకుని, "ఏం పనిది? పుండు మీద కారం చల్లుతమా? ఏమని పిలిచినవ్ ఆమెను?" అన్నాను, పళ్లు బిగించి.

"సజ్జ మీద ఉన్న డబ్బల సగం ఆమెది గదా" అంది అత్తమ్మ. డబ్బా అక్కడుందని ఆమెకు మొదటి నుంచీ తెలుసన్నమాట.

రాయికోడ్ ఆమె లోపలికి వచ్చింది. మా చిన్నది ఆమె వెనక గుమ్మం వైపు ఒక్కసారి చూసింది. అంతే. ఏమీ అడగకుండా పోయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. దానికి ఎప్పుడో తెలుసని నాకు ఆ క్షణంలో తెలిసింది. నా అబద్ధాన్ని రెండేళ్లు అది మోసింది, నా కోసం. ఆమె నీళ్లు తాగి, దాని వంకీల జుట్టు చేత్తో నిమిరి, "ఎత్తు పెరిగినవే" అంది. తర్వాత నాతో, "డబ్బ దియ్యి చెల్లె" అంది.

దించి మూత తీస్తే బియ్యం నిండా పురుగులు, ముక్కిపోయిన వాసన. "అయ్యో, పాడయినయి అక్కా, పారబోస్త" అన్నాను.

"పారబోస్తవా? నా బిడ్డ చేతుల మీది బియ్యమవి" అని నా చేతిలోంచి లాక్కుంది. చాట అడిగి తీసుకుని వాకిట్లో కూర్చుంది. చెరిగింది, ఎండలో ఆరబోసింది, మళ్లీ చెరిగింది. అత్తమ్మ పక్కన కూర్చుని గింజ గింజా చూసి ఏరింది. అత్తమ్మ పిలవడానికి పోయిన ఆ ఒక్క రోజు తప్ప ఆ ఇద్దరూ అంతకుముందు కలిసిన వాళ్లు కాదు, అయినా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసినట్టు కూర్చున్నారు. నేను నిలబడలేక కింద కూర్చుని, ఆమె మోకాలి మీద తల పెట్టి బావురుమన్నాను. ఆమె చెరగడం ఆపలేదు. "ఇంగ జాలు, బియ్యం తడుస్తయి" అని తిట్టింది, వెనకటి లాగానే.

కడిగే ముందు ఆమె మా చిన్నదాన్ని పిలిచింది. "తియ్యి బిడ్డా, నీ వంతు" అంది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. కళ్లు మూసుకుని పిడికెడు తీసి డబ్బాలో వేసింది. ఒక్క గింజ రాలలేదు.

"ఇంకోటి తియ్యి" అంది ఆమె. "అక్కది."

మిగిలినవి పెద్ద డేగిషాలో కలిపారు. సాక్ష్యం చెప్పమంటే లేచాను. ఏం చెప్పాలో అప్పటికీ తెలియదు. "నా బిడ్డ బతికింది. ఈ అక్క బిడ్డ బతకలేదు. ఇద్దరూ ఒక్క డబ్బలనే ఏసిన్రు. ఎందుకో నాకు తెల్వది, దేవుణ్ణి అడిగిన, చెప్పలేదు. నాకింకా కోపమే ఉన్నది. అయినా నా బిడ్డ బతికినందుకు దండం పెడుతున్న" అని కూర్చున్నాను. పాస్టరుగారు లేచి భోజనానికి ప్రార్థన చేశారు. తర్వాత అందరం అన్నం తిన్నాం. రాయికోడ్ ఆమె రెండోసారి పెట్టించుకుని తింది.

ఇప్పుడు మా కూతురికి పదమూడేళ్లు. చెయ్యి నా చేతికంటే పెద్దదైంది, వాళ్ల నానమ్మ పోలిక. రాయికోడ్ ఆమె ఏటా కందులు రాగానే తెచ్చి పోసి, ఒక పూట ఉండి రొట్టెలు చేసి పెట్టి పోతుంది. తెల్లారి ఆ తపతప వినపడితే చాలు, నేను మళ్లీ సత్రంలో లేచినట్టు లేస్తాను. బియ్యం మాత్రం రెండు పిడికిళ్లు ఎక్కువే కొలుస్తున్నాను. పిసినారితనం పోయిందని కాదు.

మొన్న పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు గంజి కోసం వచ్చి, మా అమ్మాయి డబ్బాలో బియ్యం వేయడం చూసి, "రెండుసార్లు ఎందుకేస్తున్నవ్?" అని అడిగింది. "ఒకటి నాది, ఒకటి మా అక్కది" అంది అది. ఆ కోడలు నా వైపు తిరిగి, "మీకు ఇంకో బిడ్డ ఉన్నదా అక్కా?" అంది.

"ఉన్నది" అన్నాను.